రాకుండా పోయినవాళ్లను కూడా లెక్కపెట్టు తల్లీ

చిట్టీ,

థీసిస్ కోసం రాండమైజ్డ్ ట్రయల్, అదే చీటీలు వేసి పేషెంట్లను గుంపులుగా విడదీసి మందుల్ని పోల్చే పరీక్ష, మొదలుపెడుతున్నావని మీ నాన్న విజయవాడ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. సంతోషంతో సగం, టెన్షన్‌తో సగం రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదుచేసే సీటీఆర్ఐలో రిజిస్ట్రేషన్ మొదటి పేషెంటును చేర్చుకోకముందే అయిపోవాలి. ఎవరికి ఏ చీటీ పడుతుందో నీకు ముందుగా తెలియకూడదు. ఇవి మీ గైడ్ చూసుకుంటారు. నా భయమంతా చీటీలు వేశాక జరిగేదాని గురించే.

నీ వయసులో గుంటూరులో నేనూ బీపీ మందుల మీద ఒక ట్రయల్ చేశాను. ఒక గుంపుకు ఒంట్లో నీరు తీసే మాత్ర, ఇంకో గుంపుకు వేరే మందు. నీటిమాత్ర వాడేవాళ్లలో చాలామంది ఆడవాళ్లు మూడో నెలకే రావడం మానేశారు. మిరపకాయల తొడిమలు తీసే కూలీలు వాళ్లు. సీజన్ కదా, పనికి పోయుంటారనుకుని లెక్కలోంచి కొట్టేశాను. చివరిదాకా వచ్చినవాళ్లకు బీపీ చక్కగా తగ్గింది. మందు బాగా పనిచేస్తోందని రాసేశాను.

ఏడాది తర్వాత వాళ్లలో ఒకామె ఓపీకి వచ్చింది, పక్షవాతంతో మూతి వంకరపోయి. మాత్ర ఎందుకు మానేశావమ్మా అని అడిగాను. "గంటకోసారి ఒంటికి పోవాల బాబూ. ఆ గోడౌన్ కాడ మాకు చాటెక్కడుంది?" అంది.

నేను అడగలేదు కాబట్టి ఆ సంగతి నా ఫారాల్లో ఎక్కడా లేదు. చీటీలతో సమానం చేసిన రెండు గుంపుల్నీ, మానేసినవాళ్లను తీసేసి నా చేత్తోనే పాడుచేశాను. ఆమె ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

నువ్వు మాత్రం ఏ గుంపులో పడ్డవాళ్లను ఆ గుంపులోనే చివరిదాకా లెక్కించు, మందు మానేసినా సరే. ఎవరెవరిని చేర్చుకోకూడదో రాసే జాబితా దగ్గర కూడా తొందరపడకు. గుండె బలహీనపడ్డవాళ్లకు స్పైరనోలాక్టోన్ (ఇదీ నీరు తీసే మాత్రే, కానీ పొటాషియంను ఒంట్లోనే నిలిపేస్తుంది) ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయని 1999లో ఒక పెద్ద ట్రయల్ చెప్పింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. తర్వాత కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లు ఆ మందును విరివిగా రాశారు. గుండె జబ్బుతో ఏసీఈ ఇన్హిబిటర్లనే బీపీ, గుండె మందులు వాడే ముసలివాళ్లలో, రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 ఉంటే, 2001కి 11 అయ్యారు. ట్రయల్ తప్పు కాదమ్మా. అందులో లేనివాళ్లకు కూడా అదే మాట వర్తిస్తుందనుకోవడమే తప్పు.

రానివాళ్ల ఇళ్లకు నువ్వే వెళ్లు, బద్ధకించకు. ఆటో ఖర్చులు బడ్జెట్‌లో రాయి. గైడ్ కొట్టేస్తే నేనిస్తాను. ఎండలో మాత్రం వెళ్లకు, సాయంత్రాలు వెళ్లు.

మీ పెదనాన్న,
బ్రాడీపేట, గుంటూరు