పాఠకుల ప్రశ్నలు: ఒంటి గురించి ఇంట్లో అనే మాటలు

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 52 కిలోలు. బంధువుల పెళ్ళిలో మా పెద్దాడపడుచు అందరి ముందూ ‘దీనికేం పెడుతున్నావే, ఇంతలా ఊరిపోయింది’ అని నవ్వారు. అప్పటి నుంచి పిల్ల రాత్రి భోజనం మానేసింది. కాలేజీకి కట్టిన టిఫిన్ డబ్బా సగం అన్నంతో తిరిగి వస్తోంది. శుభకార్యాలకు రానంటోంది. ఫొటో తీయబోతే చున్నీ అడ్డం పెట్టుకుంటోంది. ‘నువ్వు లావు కాదమ్మా’ అని ఎంత చెప్పినా నమ్మడం లేదు. నేను కూడా బరువు తగ్గాలని రాత్రిళ్ళు రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటున్నాను కనుక తనను గట్టిగా అనలేకపోతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హబ్సిగూడ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి గురించి మీరు రాసినదంతా చదివాక, చివర్లో మీ గురించి రాసుకున్న ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మీ ఆడపడుచు మాట ఒకనాటిది. అది పిల్లను అంత లోతుగా గాయపరచిందంటే, లావు కావడం సిగ్గుపడవలసిన విషయమన్న భావం అంతకుముందే ఆమె మనసులో చోటు చేసుకుని ఉండాలి. ఆ భావాన్ని పిల్లలు సినిమాల నుంచీ, రీల్స్ నుంచీ, తోటివాళ్ళ నుంచీ నేర్చుకుంటారన్నది నిజమే కాని, అందరికంటే ముందుగా, అందరికంటే ఎక్కువగా నేర్చుకునేది ఇంట్లో పెద్దవాళ్ళు తమ ఒంటి గురించి తాము అనుకునే మాటల నుంచే.

పెళ్ళికి బయలుదేరే ముందు బీరువా తెరిచిన దృశ్యం ఒక్కసారి గుర్తు చేసుకోండి. నిరుటి జాకెట్టు చేతుల దగ్గర బిగుసుకుంటుంది, హుక్కులు అందవు, ‘ఛీ, ఎంత అసహ్యంగా తయారయ్యాను’ అని మనం అద్దంతో అంటాం. పక్క మంచం మీద కూర్చుని తన జడ అల్లుకుంటున్న పిల్ల ఆ మాట వింటుంది. కుట్టు విప్పించుకుంటే అరగంటలో తీరిపోయే జాకెట్టు సమస్యను మనం మన ఒంటి నేరంగా తీర్పు చెప్పామని ఆమెకు అర్థమవుతుంది. మీ ఇంట్లో అచ్చంగా ఇలాగే జరిగిందని నేను అనను, కాని ఇది జరగని ఇళ్ళు మన ఊళ్ళో తక్కువ.

‘నువ్వు లావు కాదు’ అన్న ఓదార్పు పనిచేయకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. లావు కావడం తప్పేనని ఒప్పుకుని, ఆ తప్పు నీ దగ్గర లేదని చెప్పే మాట అది. రేపు నిజంగానే రెండు కిలోలు పెరిగితే తన గతేమిటన్న భయం ఆమెలో అలాగే మిగిలిపోతుంది. కనుక కొలతల గురించి వాదించడం మానేసి, ‘ఆ రోజు అత్తయ్య అలా అన్నప్పుడు నీకు ఎలా అనిపించింది?’ అని అడగండి. అడిగాక సలహా చెప్పకుండా వినండి. ఆ రోజు మీరు పక్కనే ఉండి ఎందుకు మాట్లాడలేదని ఆమె నిలదీయవచ్చు. దానికీ సిద్ధపడండి.

ఇక మీ ఆడపడుచుగారితో ఫోనులో, ఎవరూ లేనప్పుడు మాట్లాడడం మంచిది. ‘వదినా, మీరు ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు, కాని పిల్ల ఆ మాటతో అన్నం మానేసింది, ఇకమీదట దాని ఒంటి గురించి ఎవరమూ ఏమీ అనవద్దు’ అని నేరుగా చెప్పండి. ‘సన్నబడ్డావే, ఎంత బాగున్నావో’ అన్న మెప్పు కూడా వద్దని చెప్పండి. అన్నం మానేసిన పిల్లకు ఆ మెప్పు మరో పూట మానేయడానికి ప్రోత్సాహమవుతుంది. బంధువులు నొచ్చుకుంటారని మీరు వెనకాడవచ్చు. నా అభిప్రాయం అడిగితే, వారి నొప్పి కంటే పిల్ల ఆకలి పెద్దది.

మీరు రాసిన ఎత్తు, బరువులను బట్టి చూస్తే ఆందోళన పడవలసిన అధిక బరువేమీ కనిపించడం లేదు. పైగా, యుక్తవయసులో ఆడపిల్లల తుంటి, తొడలు, ఛాతీ భాగాల్లో కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగం. ఆ కొవ్వు బాగా తగ్గిపోతే నెలసరి క్రమం తప్పుతుంది. మీ అమ్మాయి ఫోనులో బీఎంఐ (ఎత్తుకు తగిన బరువుందో లేదో చూసే అంకె) లెక్కించుకుంటూ ఉంటే, 18 ఏళ్ళ లోపు వారికి పెద్దల అంకెలు వర్తించవనీ, వయసును బట్టి ఎదుగుదల పట్టికలో పిల్లల వైద్యులే చూడాలనీ చెప్పండి. ఆ లెక్కకు మూలం 1830లలో అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం గణాంక శాస్త్రవేత్త జనసమూహాల సగటులు తెలుసుకోవడానికి వేసిన సూత్రం. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం దానికి ఇప్పటి పేరు పెట్టింది. ఒక్క మనిషి ఆరోగ్యాన్ని అదొక్కటే తేల్చలేదు.

మీ విషయం వేరు. భారతీయులకు పొట్ట దగ్గర కొవ్వు త్వరగా చేరి మధుమేహం ముప్పు పెరుగుతుంది కనుక, మన పెద్దలకు బీఎంఐ 23, స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమని మన వైద్యులు చెబుతారు. కాబట్టి బరువు తగ్గాలన్న మీ ఆలోచనను నేను కాదనను. రక్తంలో చక్కెర, బీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, వైద్యుల సలహాతో తగ్గండి. అయితే ఇంట్లో ‘చూడలేకపోతున్నాను’ అనకుండా ‘షుగర్ రాకుండా చూసుకుంటున్నాను’ అనండి. పిల్ల చెవిన పడే మాట అంతటితో మారిపోతుంది.

ఫోను సంగతి కూడా చెప్పాలి. ఫిజీ దీవుల్లో ఒకప్పుడు బొద్దుగా ఉన్న ఒంటినే ఆరోగ్యానికీ, ఇంటివాళ్ళ ఆదరణకూ గుర్తుగా భావించేవారు. 1995లో అక్కడి ఒక ప్రాంతానికి టెలివిజన్ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు ఆ ఏడాదీ, తిరిగి 1998లోనూ అక్కడి బడి అమ్మాయిలను ప్రశ్నించారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకుంటున్నామన్నవారు మొదటిసారి ఒక్కరూ లేరు, రెండోసారి 11.3 శాతం ఉన్నారు. పరాయి దేశపు సీరియళ్ళే మూడేళ్ళలో అంత పని చేస్తే, ఫిల్టర్లతో నడుములు సన్నం చేసిన ముఖపరిచయస్తుల వీడియోలు ఏం చేస్తాయో ఊహించవచ్చు. ఫోను లాక్కోవద్దు. ఒక సాయంత్రం ఆమెతో కూర్చుని, ఏ ఖాతా చూశాక మనసు చిన్నబోతోందో ఆమెనే ఎంచమని చెప్పి, ఆ ఖాతాలను తీసివేయించండి.

రాత్రి భోజనం అందరూ కలిసి చేయండి, మీరూ ఆమెతో పాటు తినండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పళ్ళెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు, మిగతాది ధాన్యాలు, పప్పులు, గుడ్లు, పాలు, పెరుగు ఉండాలి. అన్నం శత్రువని అందులో ఎక్కడా లేదు. ఆటస్థలమే లేని భవనంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే జూనియర్ కాలేజీలు మన నగరంలో కొల్లలు కనుక, ఆదివారం ఉదయాలైనా ఉస్మానియా విశ్వవిద్యాలయం రోడ్ల మీద ఆమెతో నడవండి. ఎన్ని కేలరీలు కరిగాయో లెక్క చూడవద్దు. జెస్సికా అలేవా అనే పరిశోధకురాలు స్త్రీలచేత తమ శరీరం చేసిపెట్టే పనుల గురించి రాయించినప్పుడు, ఒంటి పట్ల వారి సంతృప్తి పెరిగింది. రాసే అలవాటున్న పిల్లయితే ఇదీ ప్రయత్నించవచ్చు: మెట్లెక్కే కాళ్ళు, ముగ్గు వేసే వేళ్ళు, జ్వరం నుంచి తేరుకున్న తీరు.

ఇవన్నీ చేస్తూనే కొన్ని లక్షణాలను కనిపెట్టి ఉండండి. బరువు వేగంగా తగ్గడం, నెలసరి ఆగిపోవడం, కళ్ళు తిరగడం, ఎప్పుడూ చలిగా ఉందనడం, తిన్న వెంటనే బాత్రూముకు వెళ్ళి తలుపు వేసుకోవడం వంటివి కనిపిస్తే అది అలక కాదు, జబ్బు. ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకూ, మానసిక వైద్యులకూ చూపించాలి. ఎవరిని కలవాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా, ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, ఉద్యోగం చేస్తున్నాను. పెళ్ళిచూపుల్లో రంగు తక్కువన్నారని హాస్టల్‌లో నా రూమ్మేట్ ఇచ్చిన క్రీము రాస్తున్నాను. మొదట్లో తెల్లబడ్డాను. ఇప్పుడు ఎండలోకి వెళ్తే ముఖం ఎర్రబడి మండుతోంది. మానేస్తే మళ్ళీ నల్లబడతానేమోనని భయంగా ఉంది.
– పేరు వద్దు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరు వర్ణించినది స్టెరాయిడ్ కలిసిన క్రీముల వల్ల సాధారణంగా కనిపించే పరిణామం. వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడని ఈ మందులు రంగు తెచ్చే క్రీములుగా చేతులు మారుతున్నాయి. నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, మొటిమలూ అవాంఛిత రోమాలూ వస్తాయి, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. మీ చామనచాయ మాత్రం జబ్బు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి మిమ్మల్ని కాపాడే మెలనిన్ అది, దానికి మందు అక్కరలేదు. రంగు చూసి వద్దన్న సంబంధం గురించి ఇంట్లోవాళ్ళు బాధపడుతుంటే, ఆ రంగుతోనే మిమ్మల్ని కోరుకునే మనిషి కోసం ఆగగలనని వారికి చెప్పండి. అది చెప్పడం కష్టమని నాకు తెలుసు, అయినా చెప్పండి. క్రీమును మీ అంతట మీరు హఠాత్తుగా ఆపితే మంట, ఎరుపు మరింత పెరగవచ్చు కనుక ఈ వారంలోనే చర్మవైద్యులను కలవండి. ఉస్మానియా ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు ట్యూబును వెంట తీసుకువెళ్ళండి. అందులో ఏ మందు ఎంత మోతాదులో ఉందో చూశాకే దాన్ని ఎలా తగ్గించుకుంటూ మాన్పించాలో వారు నిర్ణయించగలుగుతారు.