పుట్టినతేదీ తెలిసే పాస్ అమ్మారు, అదే మీ కేసు

ప్రశ్న: లాయర్ గారూ, మాది అంబర్‌పేట. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ పోలీస్ టీమ్ ఆటలు మా తాతగారు ఫతే మైదాన్‌లో చూశారు. ఆ పిచ్చి మా నాన్నకు, నాకు, ఇప్పుడు మా పెద్దపాపకు వచ్చింది. 2024లో ఒక ఫుట్‌బాల్ క్లబ్ నగరంలో ఆడే పది మ్యాచ్‌లకు ఫ్యామిలీ స్టాండ్‌లో నాలుగు సీజన్ పాస్‌లు కొన్నాం. పెద్దలకు 3,000 చొప్పున, పన్నెండేళ్లలోపు పిల్లలకు 1,000 చొప్పున మొత్తం 8,000 రూపాయలు. నా యూపీఐ పనిచేయకపోతే మా బావమరిది కట్టాడు. నాలుగు సీట్లూ పక్కపక్కనే. నాలుగు మ్యాచ్‌లు హాయిగా చూశాం. డిసెంబరు మొదటివారంలో పాపకు పన్నెండు నిండాయి. రెండోవారంలో ఐదో మ్యాచ్‌కు వెళ్తే గేటు దగ్గర ఆపి, పిల్లల పాస్ చెల్లదు, కొత్తగా పెద్దల టికెట్ కొనమన్నారు. ఫారంలో పుట్టినతేదీ రాశాం కదా అన్నా వినలేదు. గొడవయ్యాక పాపకు వేరే స్టాండ్‌లో సీటు ఇచ్చారు. మా ఆవిడ బతిమాలుకుని పాపతో అటు వెళ్లింది. నేను బాబుతో ఇటు. పాప ఆటంతా ఏడుస్తూనే కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు కోపంతో పాప పాస్ కౌంటర్ మీద విసిరేశాను. మిగతా ఐదు మ్యాచ్‌లకు వెళ్లలేదు. కస్టమర్ కేర్‌కు చాలాసార్లు ఫోన్ చేశాం, మర్నాడే ఒక మెయిల్ కూడా పెట్టాం. జవాబు లేదు. వెబ్‌సైట్‌లో ఇప్పుడు ‘వయసు మ్యాచ్ రోజు నాటికి’ అని ఉంది. కొన్నప్పుడు ఆ మాట చూసిన గుర్తు లేదు. కన్ఫర్మేషన్ మెయిల్‌తో షరతుల పీడీఎఫ్ వచ్చింది కానీ తెరవలేదు. ఆధార్ జిరాక్స్‌లో పాప పుట్టిన సంవత్సరం మార్చి చూపిస్తే కేసు తేలిక అంటున్నాడు మా తోడల్లుడు. పది లక్షలకు కేసు వేయవచ్చా? చీటింగ్ కేసు పెట్టవచ్చా? వివాదాలన్నీ ముంబైలో ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) వెళ్లాలని షరతు ఉందట, నిజమేనా?

జవాబు: మీ తాతగారి సంగతి, పాప ఏడుపు వినియోగదారుల కమిషన్ ముందు మిమ్మల్ని గెలిపించవు. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం గెలిపిస్తుంది. ఫారంలో పుట్టినతేదీ అడిగారు, మీరు నిజం రాశారు. అంటే డిసెంబరులో ఈ పిల్లకు పన్నెండు నిండుతాయని డబ్బు తీసుకున్న రోజే క్లబ్‌కు తెలుసు. తెలిసీ నాలుగు మ్యాచ్‌లకు కాదు, పది మ్యాచ్‌లకు పిల్లల పాస్ ఇచ్చింది. మధ్యలో వయసు దాటే పిల్లలకు సీజన్ పాస్ అమ్మకూడదనుకుంటే అప్పుడే ఆపాలి. ధర మారుతుందనుకుంటే అప్పుడే చెప్పాలి. ఫుట్‌బాల్ సీజన్ టికెట్ల అలవాటు పాతబడిన ఇంగ్లండ్‌లో క్లబ్బులు పిల్లల ధరకు వయసు ఏ తేదీ నాటికి చూస్తారో ముందే రాయడం మామూలు. మీరు కొన్నప్పటి షరతుల్లో తేదీ ఊసే లేకపోతే, రెండు అర్థాలు వచ్చే షరతును అది రాసినవాళ్లకు వ్యతిరేకంగానే చదవాలన్న సూత్రం మీకు పనికొస్తుంది.

కానీ ఆ షరతుల్లో ఏముందో మీకే తెలియదు! పీడీఎఫ్ మీ మెయిల్‌లోనే ఉంది. ఇంతకాలం తెరవకుండా వెబ్‌సైట్‌లో ఈరోజు ఏముందో చూసి టెన్షన్ పడుతున్నారు. మీకు వర్తించేది కొన్న రోజున ఉన్న షరతు, తర్వాత చేర్చింది కాదు. కాబట్టి ఈ జవాబు చదవడం ఆపి ముందు ఆ పీడీఎఫ్ తెరవండి. అందులో ‘పన్నెండేళ్లలోపు’ అని మాత్రమే ఉంటే మీ కేసు గట్టిది. ‘మ్యాచ్ రోజు నాటికి’ అని అప్పుడే ఉంటే ధర విషయంలో మీ వాదన బలహీనపడుతుంది. అప్పుడు కూడా సీట్ల విషయం మిగులుతుంది.

ఆ సీట్ల సంగతి మీరు పాప బాధగానే చూశారు. నేను సేవాలోపంగా చూస్తున్నాను. ఫ్యామిలీ స్టాండ్ పేరుతో అమ్మింది నాలుగు పక్కపక్క సీట్లు. క్లబ్ వాదన మొత్తం ఒప్పుకున్నా పాప విషయంలో రావలసిన తేడా ఎంత? సీజన్‌కు 2,000, మ్యాచ్‌కు 200. మిగిలిన ఆరు మ్యాచ్‌లకు 1,200 రూపాయలు. అది క్లబ్ అడగవచ్చు. దానికి బదులు, కట్టిన వెయ్యిని లెక్కలోకే తీసుకోకుండా కొత్త టికెట్ కొనమనడం, పిల్లను తల్లిదండ్రుల పక్క నుంచి లేపి వేరే స్టాండ్‌కు పంపడం ఏ షరతు కింద చేశారో క్లబ్ చెప్పాలి. పన్నెండేళ్ల పిల్లను ఆ గుంపులో ఒంటరిగా కూర్చోబెట్టడానికి సిద్ధపడ్డారు. మీ ఆవిడ బతిమాలుకోకపోతే జరిగేది అదే. ఫిర్యాదులో ఈ మాట విడిగా, స్పష్టంగా రాయండి.

ఇక మీ తోడల్లుడి సలహా. దాని జోలికి అస్సలు పోవద్దు. భారతీయ న్యాయ సంహితలో 337వ సెక్షన్ ఆధార్‌ను పేరుపెట్టి చెబుతుంది. ఆధార్ కార్డును ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. జిరాక్సే కదా అనుకోవద్దు. దొంగ పత్రాన్ని అసలుదిగా చూపినవారికి 340వ సెక్షన్ కింద చేసినవారితో సమానంగా శిక్ష. అన్నిటికంటే ముఖ్యం, పాప నిజమైన పుట్టినతేదీ క్లబ్ సర్వర్‌లో ఉంది. మీ కేసుకు బలం ఆ నిజమే. దాన్ని మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడం. అయినా వయసుకు ఆధార్ ఎందుకు? ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక తీర్పులో చెప్పింది. పాప జనన ధ్రువపత్రం పెట్టండి, చాలు.

చీటింగ్ కేసు నిలవదు. మోసం చేసే ఉద్దేశం మొదటినుంచీ ఉండాలి. నాలుగు మ్యాచ్‌లు చూపించారు కదా. స్టేషన్ చుట్టూ తిరిగి గడువు పోగొట్టుకుంటారు.

గడువు గురించే నాకు ఎక్కువ దిగులు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 69వ సెక్షన్ ప్రకారం, కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మిమ్మల్ని విడదీసింది 2024 డిసెంబరు రెండోవారం. మీ లెక్క అక్కడ మొదలై 2026 డిసెంబరు రెండోవారంతో అయిపోతుంది. సీజన్ ముగిసిన రోజు నుంచి లెక్కేద్దామనో, క్లబ్ జవాబు కోసం చూద్దామనో అనుకోవద్దు. మెయిళ్లు, నోటీసులు గడువును పొడిగించవు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. కానీ ‘వాళ్లు జవాబిస్తారని ఆగాం’ అన్నది కారణం కింద నిలవడం కష్టం.

సాక్ష్యం విషయంలో మీరు చాలా అజాగ్రత్తగా ఉన్నారు. పాస్ విసిరేసి రావడం ఏం పని? కోపం మీది, కాగితం మాత్రం కేసుది. అది పోయింది కాబట్టి కన్ఫర్మేషన్ మెయిల్‌ను ప్రాణంలా చూసుకోండి. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా మెయిల్‌ను అసలు రూపంలో డౌన్‌లోడ్ చేసుకోండి. క్లబ్ సైట్‌లో మీ ఖాతా ఇంకా తెరుచుకుంటుంటే, పాప పుట్టినతేదీ, సీటు నంబర్లు కనబడే పేజీలను ఈరోజే సేవ్ చేసి ప్రింట్ తీయండి. వీటికి భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డు అసలైనదేనని చెప్పేది) జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి మీరు, రెండోది నిపుణుడు నింపాలి. కమిషన్‌లో సాక్ష్య నియమాలు సివిల్ కోర్టంత బిగువుగా ఉండవు, కానీ అవతలి లాయర్‌కు ఆ సందు ఎందుకివ్వాలి? ఖాతా మూసేసి ఉంటే, మీ బుకింగ్ రికార్డు తెప్పించమని కమిషన్‌నే అడగండి. పత్రాలు తెప్పించే విషయంలో దానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

ఫోన్‌లో చేసిన ఫిర్యాదులకు విలువ తక్కువ. కాల్ చేశారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. మీరు పెట్టిన ఆ ఒక్క మెయిల్‌లో ‘నాలుగు సీట్లూ కలిపి ఇవ్వండి, లేకపోతే రాలేం’ అనే అర్థం వచ్చే మాట ఉందేమో చూడండి. పాస్‌లు చెల్లుతూనే ఉన్నాయి, వాళ్లే రాలేదని క్లబ్ తప్పకుండా అంటుంది. దానికి మీ జవాబు ఆ మెయిలే.

బావమరిది డబ్బు కట్టాడన్న భయం వద్దు. కొన్నవారి అనుమతితో సేవ పొందినవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్, నాలుగు వాక్యాల అఫిడవిట్ తీసుకోండి. ముంబై షరతుకూ భయపడనక్కర్లేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చని వినియోగదారుల చట్టంలోని 34వ సెక్షన్ చెబుతోంది. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల కమిషన్‌కు అడ్డురాదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది.

ముందు క్లబ్‌కు పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, డెలివరీ రుజువు దాచండి. అదే సమయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. లొంగకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. ఐదు లక్షల లోపు కట్టిన సేవలకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. ఒక్క జాగ్రత్త. ఫిర్యాదును సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాయండి. ‘అన్యాయమైన కాంట్రాక్టు, ఆ షరతు రద్దు చేయండి’ అని అడగవద్దు. ఆ అధికారం చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది. జిల్లాలో అలా రాస్తే పరిధి గొడవతోనే నెలలు గడిచిపోతాయి.

పది లక్షలు మరిచిపోండి. 8,000 కట్టి పది లక్షలు అడిగితే మీ నిజమైన ఫిర్యాదు కూడా తేలిగ్గా కనబడుతుంది. మ్యాచ్‌కు 800 చొప్పున ఆరు మ్యాచ్‌ల 4,800, దానిమీద వడ్డీ, మానసిక వేదనకు ఒక పాతికవేలు, ఖర్చులు అడగండి. ఎంత ఇవ్వాలో కమిషన్ ఇష్టం. పాపను మాత్రం సాక్షిగా తీసుకెళ్లకండి. మీ అఫిడవిట్, మీ ఆవిడ అఫిడవిట్ సరిపోతాయి.