కిలో టమాటాకు రవాణా ఉద్గారాలు 20 గ్రాములేనా?

లారీలో 10 టన్నుల టమాటాలు పంపితే కిలోకు 20 గ్రాముల కార్బన్ డయాక్సైడే వెలువడుతుందని మీరు లెక్క వేశారు. అంత తక్కువ రావడానికి కారణం, మీరు లారీ వెళ్లేటప్పటి డీజిల్‌నే లెక్కించడం. 300 కిలోమీటర్లకు 75 లీటర్లు, లీటరుకు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 201 కిలోలు, 10 టన్నులకు పంచారు. అక్కడివరకు సరే.

1. ఖాళీగా తిరిగొచ్చే ప్రయాణం కలపండి: 60 లీటర్లనుకుంటే మరో 161 కిలోలు.

2. అందరూ మరిచిపోయేది ఇదే. భాగించాల్సింది ఎక్కించిన బరువుతో కాదు, అమ్ముడైన బరువుతో. అడుగు క్రేట్లలో నలిగి రసం కారిన టన్ను సరుకు పారేస్తే మిగిలేది 9,000 కిలోలే. దయచేసి దీన్ని వదలకండి. ఆ పండ్ల కోసం కాలిన డీజిల్ కూడా గాలిలోనే ఉంది. 201, 161 కలిపితే వచ్చే 362 కిలోలను 9,000తో భాగిస్తే కిలోకు 40 గ్రాములు, మీ అంకెకు రెట్టింపు.

3. శీతల లారీ అయితే, చల్లబరిచే యంత్రానికి చాలావాటిలో వేరే ట్యాంకు ఉంటుంది. ఆ డీజిల్ రశీదు విడిగా అడిగి తీసుకోండి.