మోయలేనని దేవునితో చెప్పండి

ప్రశ్న: మా అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. స్నానం చేయించడం, పక్క మార్చడం, తినిపించడం అన్నీ నేనే చూస్తున్నాను. పోయిన వారం ఆమె గంజి ఉమ్మేస్తే కోపం పట్టలేక చెయ్యెత్తాను. కొట్టలేదు గానీ, ఆమె భయంతో ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆ రాత్రి మోకరిస్తే ఒక్క మాట రాలేదు. ప్రార్థన కూటంలో చెప్పుకుంటే విశ్వాసం తగ్గిందనీ, మూడు రోజులు ఉపవాసం ఉండమనీ అన్నారు. దేవుడే బలమిస్తాడని నమ్మిన నాకు ఈ నీరసం ఎందుకు?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఇప్పుడు మీరు ఉపవాసం ఉండవద్దు. అలసి సొలసినవారిని దేవుడు ఎలా ఆదరించాడో బైబిల్లోని రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చెబుతుంది. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప కార్యం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు అరణ్యానికి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని, తన ప్రాణం తీసుకోమని వేడుకున్నాడు. దూత వచ్చి ఆయన విశ్వాసాన్ని ప్రశ్నించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపి తినమన్నాడు, తిరిగి పడుకున్నా ఏమీ అనలేదు, రెండోసారి తట్టి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి మళ్లీ తినమన్నాడు. దేవుని బలం ఆ రోజు ఆయనకు అన్నంగా, నిద్రగా వచ్చింది.

మీ నీరసం అవిశ్వాసం కాదు. తన శరీరంలో ముల్లులా వేధించే బాధను తొలగించమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఆ వాక్యాన్ని చాలామంది నోరు మూసుకుని భరించమన్న ఆజ్ఞగా బోధిస్తారు. నేను ఒప్పుకోను. ఈ జనమంతటినీ ఒంటరిగా మోయలేనని, ఇశ్రాయేలీయులను నడిపించిన మోషే మొరపెట్టినప్పుడు, దేవుడు ఇంకా ఓర్చుకోమనలేదు, భారం పంచుకోవడానికి డెబ్బైమంది పెద్దలను సమకూర్చమన్నాడు. దేవుని మీద ఆనుకోవడమంటే ఆయన పంపగల చేతులను అడగడం కూడా.

చెయ్యెత్తిన సంగతిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మీ అత్తగారికి మాట రాకపోయినా, పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, క్షమించమని అడగండి. మళ్లీ అంత కోపం వస్తే గిన్నె కింద పెట్టి, ఆమె పడిపోకుండా చూసి, ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి. ఇంకొక సంగతి: పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి మింగడం కష్టమవుతుంది, ముఖ్యంగా పల్చని పదార్థాలు గొంతులో దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఆమె గంజి ఉమ్మింది మొండితనంతో కాకపోవచ్చు. డాక్టరుకు చెప్పి ఏది, ఎంత చిక్కగా పెట్టాలో అడగండి; పడుకోబెట్టి తినిపించకుండా నిటారుగా కూర్చోబెట్టండి.

మీ ఉత్తరంలో మీ భర్త ప్రస్తావన ఎక్కడా లేదు. అది నన్ను బాధించింది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చే పని రాత్రింబగళ్లు ఒక్క మనిషి చేయగలిగేది కాదు. ఆమె ఆయన కన్నతల్లి. రాత్రి సగం ఆయన చూసుకోవాలని, మీ ఆడపడుచు ఉంటే నెలలో కొన్ని రోజులైనా వచ్చి ఉండాలని, కోపంలో కాకుండా తీరిక వేళ, స్పష్టంగా అడగండి. ఉపవాసం చెప్పిన అక్కలను కూడా ఆదివారం మధ్యాహ్నం ఒకరు వచ్చి అత్తగారి దగ్గర కూర్చోమనండి, ఆ సమయంలో మీరు నిద్రపోండి.

మోకరించినా మాట రాని రాత్రి గురించి భయపడకండి. ఏమి ప్రార్థించాలో తెలియనివారి కోసం పరిశుద్ధాత్మయే మూలుగులతో విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. "ప్రభువా, నా వల్ల కావడం లేదు" అంటే చాలు, అది పూర్తి ప్రార్థనే. అయితే నిద్ర పట్టకపోయినా, చనిపోవాలనిపించినా, ఎవరికైనా హాని చేస్తానేమోనని భయం వేసినా, ప్రార్థనతో సరిపెట్టుకోకుండా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రి ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు.