పల్లెకు వెళితే ఖర్చు సగమవుతుందా? ముందు మీ జీతం సంగతి చూద్దాం

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. మావారిది ఇంటి నుంచే చేసుకునే పని, నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బాబుకి తొమ్మిదేళ్లు. నగరంలో జీతంలో మూడో వంతు అద్దెకే పోతోంది. 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లెకు మారిపోదామని, దాచిందంతా ముందు కట్టేసి మిగతాదానికి లోన్ తీసుకుని అక్కడ ఇల్లు కొనేద్దామని ఆయన అంటున్నారు. నేను ఉద్యోగం మానేసినా నెలనెలా ఇంకా మిగులుతుందని లెక్క వేసి చూపించారు. ఆ కాగితం పంపుతున్నాను. లెక్క బాగానే ఉంది కానీ నాకెందుకో ధైర్యం చాలడం లేదు.

జవాబు: లెక్క బాగా లేదమ్మా. కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి, రాయాల్సినవి కొన్ని రాయలేదు, అంతే.

ఎవరి జీతం ఎంతో బయటపెట్టకుండా మాట్లాడుకోవచ్చని మీ కాగితాన్ని పాళ్లలోకి మార్చుకున్నాను. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 100 అనుకుందాం. ఆయనది 65, మీది 35. ఇప్పుడు అద్దెకు 32, ఇంటి ఖర్చులకు 20, రాకపోకలకు 7, బాబు చదువుకు 12, బయట తిరుగుళ్లకూ ఆన్‌లైన్ ఆర్డర్లకూ 9 పోగా 20 మిగులుతోంది. పల్లెలో 32 అద్దె స్థానంలో 10 లోన్ వాయిదా, తిరుగుళ్లు 9 నుంచి 3కి, మిగతావన్నీ అలాగే ఉంటాయని మీవారు వేశారు. అంటే ఖర్చు 80 నుంచి 52కి పడిపోతుంది, ఆయన ఒక్కరి 65లోంచి కూడా 13 మిగులుతుంది. చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఇప్పుడు ఆయన రాయనివి నేను రాస్తాను. స్కూలుకీ బజారుకీ డాక్టరుకీ అన్నిటికీ బండి తీయాల్సిందే కాబట్టి ఇంట్లో ఇద్దరికీ చెరో బండి కావాలి, దాని వాయిదా, ఇంధనం, రిపేరు అన్నీ కలిపి రాకపోకలు 7 దగ్గర ఆగవు, 16 వేసుకోండి. ఆయన పని మొత్తం ఇంటర్నెట్ మీదే కదా, ఒక లైన్ పోతే ఇంకోటి ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీ ఉండాలి, దానికి 3. అద్దె ఇంట్లో కుళాయి కారితే ఓనరుకి ఫోన్ చేసేవారు, సొంతింట్లో నీళ్ల మోటారు, సెప్టిక్ ట్యాంకు, పైకప్పు అన్నీ మీ నెత్తినే, దానికి 3. పెద్ద డాక్టరని, ఆఫీసు మీటింగని, చుట్టాలని నెలలో రెండు మూడు సార్లు నగరానికి వచ్చిపోవడానికి ఇంకో 3. ఈ పాళ్లు నా అంచనాలే, మీకు కొంచెం అటూ ఇటూ కావచ్చు. మొత్తం 70 తేలింది. అంటే నగరంలో 80 అయ్యే ఖర్చు అక్కడ 70 అవుతుంది, సగం కాదు. చేతికి వచ్చేది 65. నెలకు 5 లోటు.

ఇందులో ఎవరూ మిమ్మల్ని మోసం చేయడం లేదు, దూరం సంగతే అంత. 1826లోనే ఫాన్ థ్యూనెన్ అనే జర్మన్ ఆర్థికవేత్త, ఆయన స్వయంగా పెద్ద వ్యవసాయదారుడు కూడా, ఈ విషయం వివరించాడు: బజారుకు దూరమయ్యే కొద్దీ భూమి మీద కట్టే అద్దె తగ్గుతుంది, ఎందుకంటే సరుకు బజారుకు చేర్చే ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. మనం మోసేది ధాన్యం కాదు, పిల్లాడినీ సిలిండరునీ మందులనీ మనల్నీ, సూత్రం మాత్రం మారలేదు. అద్దె పద్దులో తగ్గింది చాలావరకు రోడ్డు పద్దులోకి వెళ్లి కూర్చుంటుంది.

నేనూ ఒకప్పుడు మూడేళ్లు పల్లెలో ఉండి వచ్చినవాణ్ణే, అందుకే ఇంత నమ్మకంగా చెబుతున్నాను. వెళ్లిన రెండో నెలలో ఒక రోజు పొద్దున్నే బోరు మోటారు కాలిపోయింది. మోటారు బాగుచేసే మనిషి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకు ఒక్కడే, ‘ఇదిగో వస్తున్నా’ అంటూ నాలుగో రోజు వచ్చాడు. ఆ నాలుగు రోజులూ పక్కింటివాళ్ల బావి నుంచి బకెట్లతో నీళ్లు మోశాం, వాళ్లు విసుక్కోలేదు సరికదా వాళ్లబ్బాయి కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. మోటారు ఖర్చు నా బడ్జెట్‌లో లేదు. ఆ పక్కింటివాళ్లు కూడా లేరు, వాళ్లకు ఏ పద్దు కింద ఎంత వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కాబట్టి పల్లెలో లాభం లేదని నేను అనను. ఇంకోటి కొనమని కవ్వించే దుకాణాలు కంటి ముందు ఉండవు, పక్క ఫ్లాట్ వాళ్లు కొత్త కారు కొన్నారని మన కారు పాతబడదు. పిల్లాడు వీధిలోకి వెళితే ఎవరో ఒకరు చూస్తుంటారు. ఉన్న డబ్బుకు ఎక్కువ చోటు వస్తుంది, రాత్రి నిద్ర బాగా పడుతుంది. ఇవన్నీ నిజమే. రిటైరయ్యాక పెన్షన్ మీద బతికేవాళ్లకైతే, ఆరోగ్యం గట్టిగా ఉన్నంతకాలం, లెక్క చాలాసార్లు పల్లె వైపే మొగ్గుతుంది, ఎందుకంటే వాళ్ల రాబడి వాళ్లు ఎక్కడుంటే అక్కడికే వస్తుంది. మీ ఇంట్లో రాబడి అలాంటిది కాదు. మీ 35 పూర్తిగా ఆ ఆఫీసుకు కట్టేసి ఉంది, ఆయన 65 సగం కట్టేసి ఉంది.

సగం అని ఎందుకన్నానంటే, ఇంటి నుంచి పని అనేది కంపెనీ ఈ ఏడాది ఇచ్చిన వెసులుబాటు. మేనేజరు మారితే వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మనొచ్చు, ఊరు మారారు కాబట్టి జీతం తగ్గిస్తామనే కంపెనీలు కూడా ఉన్నాయి. ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చని, జీతం మారదని ఆయన చేత కాగితం మీద రాయించుకు రమ్మనండి. నోటి మాటగా ‘మా బాస్ ఏమీ అనడు’ అంటే అది నా లెక్కలోకి రాదు.

ఇక మీ ఉద్యోగం. మీవారి కాగితంలో మీ 35ని ఒక్క గీతతో కొట్టేశారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే. ఏటా 6 శాతం పెరిగే జీతం 12 ఏళ్లలో రెట్టింపవుతుంది, ధరలూ పెరుగుతాయి, అద్దెలూ పెరుగుతాయి, కాదనను, కానీ ఆ పరుగులో మీరు ఉండటం వేరు, గట్టు మీద నిలబడి చూడటం వేరు. బాబు కాలేజీకి వెళ్లే నాటికి మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలంటే మధ్యలో తొమ్మిదేళ్ల ఖాళీ గురించి ప్రతి ఇంటర్వ్యూలోనూ అడుగుతారు. అప్పటికి అతని చదువుకు ఎలాగూ నగరమే దిక్కయితే రెండు కాపురాల ఖర్చు, దాని గురించి ఇవాళ మాట్లాడను.

మీరు చేయగలిగేది ఏమిటంటే, పల్లెలో 70 ఖర్చు పెట్టి ఇప్పటిలాగే 20 దాచాలంటే ఇంటికి 90 రావాలి. ఆయన 65 తీసేస్తే మీ వంతు 25. అకౌంట్స్ మీ చేతిలో విద్య, చిన్న వ్యాపారాల పద్దులు ఇంట్లో కూర్చుని చూసిపెట్టే పని దొరుకుతుంది. కానీ వెళ్లాక వెతకొద్దు, ఇక్కడ ఉద్యోగంలో ఉండగానే, కంపెనీ నిబంధనలు ఒప్పుకుంటే, సాయంత్రాలు ఒకరిద్దరితో మొదలుపెట్టి చూడండి. ఆరు నెలల్లో అది 25కి దగ్గరయ్యేలా కనిపిస్తే ప్రయాణం పెట్టుకోవచ్చు. కనిపించకపోతే నగరానికి అరగంట, ముప్పావుగంట దూరంలో, బస్సో రైలో ఉన్న చిన్న టౌను చూడండి, అద్దె కొంత తగ్గుతుంది, మీ ఉద్యోగం నిలుస్తుంది. మీవారికి ఇది చప్పగా అనిపిస్తుంది, తెలుసు.

ఇల్లు మాత్రం ఇప్పుడే కొనొద్దు. దీని మీద నేను బేరానికి రాను. పల్లెలో ఇల్లు కొనడం సులువు, అమ్మడమే కష్టం, కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు, వాళ్లలోనూ చాలామందికి అప్పటికే ఇల్లుంటుంది. దాచిందంతా గోడల్లో పెట్టేశాక ఆయన ఉద్యోగం పోతే, కొత్త ఉద్యోగం నగరంలో, డబ్బు పల్లెలో. నగరంలో ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోమని చెప్పే నేను మీకు ఏడాది ఖర్చు ఉంచుకోమంటాను, అదీ అడిగిన రోజే చేతికొచ్చే చోట. ముందు ఏడాది అద్దెకు ఉండండి, మీ ఆఫీసు జీతం లేని సెలవు ఇస్తే రాజీనామా బదులు అది తీసుకోండి, వానాకాలం, ఎండాకాలం రెండూ అక్కడే గడవనివ్వండి. ప్రతి నెలా నేను వేసిన పద్దులన్నిటి పక్కన అసలు ఖర్చు రాస్తూ పోండి, నా అంచనా తప్పయితే సంతోషంగా ఒప్పుకుంటాను.

మరో మాట. అద్దె ఇల్లు చూడటానికి ఆదివారం పొద్దున వెళ్లకండి, ఆ వేళకు ప్రతి పల్లె బాగుంటుంది. పని రోజు రాత్రి ఎనిమిదింటికి వెళ్లి, మీవారిని ఆ ఇంట్లోనే ల్యాప్‌టాప్ తెరిచి గంటసేపు ఆఫీసు వీడియో కాల్‌లో కూర్చోమనండి. ఆ గంటలో మీరు బాబుని వెంటబెట్టుకుని దగ్గరలోని ఆసుపత్రి దాకా బండి మీద వెళ్లి రండి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.