డెప్త్ 6కే నా చెస్ ఇంజిన్ నిమిషం తీసుకుంటోంది. దాని బలం ఎలా పెంచాలి?

ఆల్ఫా-బీటా సెర్చ్ (ఫలితాన్ని మార్చలేని కొమ్మలను వదిలేస్తూ ఎత్తులు వెతికే పద్ధతి) రాశారు, అయినా డెప్త్ 6కి, అంటే ఆరు ఎత్తుల లోతుకు, నిమిషం పడుతోంది, ఇక మల్టీ థ్రెడింగ్ పెట్టాలా, న్యూరల్ నెట్‌వర్క్ పెట్టాలా అని అడిగారు. ఇప్పుడే రెండూ వద్దు. ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు కూర్చుని రాసుకున్న ఇంజిన్ నాకూ ఒకటుంది. దానికి ఎక్కువ బలం ఇచ్చినవి రెండే: ఎత్తులను ఏ వరసలో చూడాలో సరిచేసుకోవడం, ప్రతి మార్పునూ గేమ్‌లు ఆడించి కొలవడం.

వాటికంటే ముందు మీ మూవ్ జనరేటర్ (వేయదగ్గ ఎత్తులన్నీ తయారుచేసే కోడ్) తప్పుల్లేకుండా ఉందో లేదో పెర్ఫ్ట్‌తో, అంటే ఒక లోతుకు ఎన్ని రకాలుగా ఆడొచ్చో లెక్కపెట్టే పరీక్షతో, చూసుకోండి. మొదటి పొజిషన్ నుంచి డెప్త్ 6కి 11,90,60,324 రావాలి. అదొక్కటే చాలదు, ఎందుకంటే ఆ లోతులో క్యాస్లింగ్, ప్రమోషన్ రానే రావు. కివీపీట్ అనే పొజిషన్ కూడా పెట్టండి, దానికి డెప్త్ 3లో 97,862 రావాలి. ఒక్క అంకె తేడా వచ్చినా సెర్చ్ జోలికి వెళ్లకండి.

ఇక వరస సంగతి. ఒక పొజిషన్‌లో సగటున 35 ఎత్తులు ఉంటాయనుకుందాం. ఆరు ఎత్తుల లోతుకు ఏదీ వదలకుండా చూస్తే చివర్లో దాదాపు 184 కోట్ల పొజిషన్లు. ప్రతిచోటా మంచి ఎత్తే మొదట చూడగలిగితే ఆల్ఫా-బీటాకు 86 వేల లోపు చాలు. వరస పూర్తిగా తిరగబడితే మళ్లీ ఆ 184 కోట్లే. క్నూత్, మూర్ ఈ లెక్కను 1975లోనే తేల్చారు. మీ నిమిషం అంతా బహుశా ఇక్కడే పోతోంది.

మంచి ఎత్తు ముందే ఎలా తెలుస్తుంది? డెప్త్ 1, 2, 3 అంటూ ఒక్కొక్కటే పెంచుతూ వెతకండి. చూసిన ప్రతి పొజిషన్‌కూ దొరికిన మంచి ఎత్తును ట్రాన్స్‌పొజిషన్ టేబుల్‌లో దాచండి, తర్వాతి డెప్త్‌లో దాన్నే మొదట వేయండి. చేసిన పనే మళ్లీ చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, మొత్తం మీద నేరుగా డెప్త్ 6 వెతకడం కంటే ఇదే త్వరగా ముగుస్తుంది. టేబుల్‌కు కీ కావాలంటే 1970లో జోబ్రిస్ట్ చెప్పిన పద్ధతి ఉంది: 12 రకాల పావులు, 64 గళ్లు కలిపి 768 ర్యాండమ్ సంఖ్యలు, వాటికి తోడు ఎవరి వంతు, క్యాస్లింగ్ హక్కులు, ఆన్‌పాసాన్ కోసం ఇంకొన్ని. ఆ పొజిషన్‌కు వర్తించే సంఖ్యలను ఎక్స్‌ఓఆర్ (బిట్ల వారీగా కలిపే లెక్క) చేస్తే సరి. టేబుల్ ఎత్తు తర్వాత పావుల్ని కొట్టే ఎత్తులు రావాలి, అందులోనూ మంత్రితో బంటును కొట్టేదాని కంటే బంటుతో మంత్రిని కొట్టేది ముందు. ఆ తర్వాత కిల్లర్ ఎత్తులు (అదే లోతులో పక్క కొమ్మల్లో వెతుకులాటను ఆపించినవి), మిగిలినవి హిస్టరీ స్కోరు (ఇంతకుముందు ఎంతగా పనికొచ్చాయి అన్న లెక్క) ప్రకారం.

క్వయసెన్స్ సెర్చ్ (డెప్త్ అయిపోయాక కూడా కొట్టే ఎత్తులను చూస్తూ పోయేది) లేకపోతే వెంటనే పెట్టండి. కాపలా ఉన్న బంటును మంత్రి కొట్టిన క్షణంలో డెప్త్ అయిపోతే, ఇంజిన్ బంటు గెలిచానని సంబరపడుతుంది. మంత్రి పోయేది తర్వాతి ఎత్తులో కదా.

నల్ మూవ్, లేట్ మూవ్ రిడక్షన్ ఆ తర్వాతే. నల్ మూవ్ అంటే మన వంతు వదిలేసినా మనమే మెరుగ్గా ఉంటే ఆ కొమ్మను అక్కడే నరికేయడం. చెక్‌లో ఉన్నప్పుడు దీన్ని వాడకూడదు. రాజు, బంట్లే మిగిలిన ఎండ్‌గేమ్‌లోనూ ఆపేయాలి, అక్కడ కదలడమే నష్టమయ్యే జుగ్‌జ్వాంగ్ తరచుగా వస్తుంది. లేట్ మూవ్ రిడక్షన్ పూర్తిగా వరసను నమ్ముకుని బతికే టెక్నిక్: వెనక వచ్చే ఎత్తులు పనికిరానివే అనుకుని వాటిని తక్కువ లోతులో చూస్తుంది. వరస బాగాలేని ఇంజిన్‌లో పెడితే మంచి ఎత్తులే పైపైన చూసి వదిలేస్తుంది. ఇది పనిచేయలేదని చాలామంది తీసేయడానికి కారణం అదే.

కొలవడం గురించి గట్టిగా చెప్పాలి. 100 గేమ్‌ల ఫలితంలో దాదాపు 60 ఈలో (ఆట బలాన్ని చూపే రేటింగ్) పాయింట్లు అటూ ఇటూ ఊగుతాయి. 5 పాయింట్ల లాభం అందులో కనిపించదు, వేల గేమ్‌లు కావాలి. క్యూట్‌చెస్‌తో (ఇంజిన్లను ఒకదానితో ఒకటి ఆడించే ప్రోగ్రామ్) పాత వెర్షన్ మీద కొత్తది ఆడించండి, రకరకాల ఓపెనింగ్‌లతో, ఒక్కోటీ రెండు రంగులతోనూ. గేమ్‌కు ఒక్కో ఇంజిన్‌కు 10 సెకన్లు, ఎత్తుకు 0.1 సెకను అదనం సరిపోతుంది. ఎప్పుడు ఆపాలో ఎస్‌పీఆర్‌టీ అనే గణాంక పరీక్ష చెబుతుంది. పేరున్న చెస్ ఇంజిన్ స్టాక్‌ఫిష్ వాళ్ల టెస్టింగ్ వ్యవస్థ ఫిష్‌టెస్ట్ 2013 నుంచీ వాలంటీర్ల కంప్యూటర్లలో చేస్తున్నదీ ఇదే. రాజు భద్రతకు నేను రాసిన ఒక లెక్కతో నా ఇంజిన్ చూడముచ్చటగా దాడులు చేసేది. టెస్ట్‌లో లాభం సున్నా. తీసేశాను.

న్యూరల్ నెట్ మీద ఆశ వదులుకోమనడం లేదు. యూ నాసు 2018లో షోగి (జపాన్ చదరంగం) కోసం తెచ్చిన ఎన్ఎన్‌యూఈ అనే న్యూరల్ నెట్ అద్భుతమైన ఆలోచన: ఒక ఎత్తుకు మారే పావులు రెండు మూడే కాబట్టి మొదటి పొరలో ఆ మార్పు వరకే లెక్క సవరిస్తారు, అందుకే మామూలు సీపీయూలోనూ వేగంగా నడుస్తుంది. 2020 సెప్టెంబర్‌లో స్టాక్‌ఫిష్ 12లోకి వచ్చింది. మీకు ప్రస్తుతానికి పావుల విలువలు, పీస్-స్క్వేర్ టేబుల్స్ (ఏ పావు ఏ గడిలో ఉంటే ఎంత విలువో చెప్పే పట్టికలు) చాలు.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. బీటా కటాఫ్‌లలో (మిగతా ఎత్తులు చూడక్కర్లేదని సెర్చ్ ఆపేసే సందర్భాల్లో) ఎన్ని మొదటి ఎత్తుకే వస్తున్నాయో లెక్కపెట్టే రెండు కౌంటర్లు పెట్టండి. 90 శాతం దగ్గర ఉంటే వరస బాగున్నట్టే. 70 లోపు ఉంటే ఆ అంకెతో పాటు మీ సార్టింగ్ కోడ్ కూడా ఇక్కడ పెట్టండి, చూస్తాను.