రెండు శాఖల మీద మనసు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నరసరావుపేట దగ్గర పల్లె. ఇంట్లో పత్తి, మిరప వేస్తారు. ఎలక్ట్రానిక్స్ ఇష్టమే, కానీ దాన్ని వ్యవసాయానికి పనికొచ్చేలా చేయాలని ఉంది. కాలేజీలో మైనర్ డిగ్రీ (సొంత శాఖతో పాటు మరో శాఖలో అదనపు కోర్సులు) తీసుకోమంటున్నారు. సీనియర్లు మాత్రం డేటా సైన్స్ తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. రెండూ కలిపి చదివితే రెంటికీ చెడ్డ రేవడినవుతానేమోనని భయం. అసలు నా ఆసక్తి ఎటో ఎలా తెలుస్తుంది?
– ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: ఒక శాఖలో చెయ్యి తిరిగి ఉంటే రెండో శాఖ చదువు ఎప్పుడూ అడ్డం రాదమ్మా. మీకు ఆ ఒక్కటి ఎలక్ట్రానిక్స్. సర్క్యూట్లు, సిగ్నల్స్, ఎంబెడెడ్ సిస్టమ్స్, ఈ మూడింటినీ దేనికోసమూ వదులుకోకండి. ఇక ఆసక్తి సంగతి. సిలబస్‌లో కోర్సు పేర్లు చూసి అది తేలదు. రెండు శాఖలూ అవసరమయ్యే చిన్న పని ఒకటి పట్టుకుని ఒక సెమిస్టరు పాటు చేయండి. అందులో ఏ భాగం దగ్గరికి మీరు ఎవరూ చెప్పకుండానే మళ్లీ మళ్లీ వెళుతున్నారో గమనించండి. మైనర్ ఎంపిక ఆ తర్వాతే.

మీ ఇంటి పొలమే ఉంది కాబట్టి నేలలో తేమను కొలిచే పని మీకు బాగా సరిపోతుంది. ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్), రెండు కెపాసిటివ్ తేమ సెన్సర్లు చాలు. రెండు లోహపు పుల్లలుండే రెసిస్టివ్ సెన్సర్ చవగ్గా దొరుకుతుంది, కానీ కొనకండి. తడి మట్టిలో కరెంటు పారేకొద్దీ పుల్లల పూత తినేసి, కొన్ని వారాల్లోనే రీడింగులు జారిపోతాయి.

కెపాసిటివ్ సెన్సర్‌తోనూ జాగ్రత్త. దాని మీది టైమర్ చిప్ పేరు చదవండి. టీఎల్‌సీ555 అయితే 3.3 వోల్టుల మీద చక్కగా పనిచేస్తుంది. కొన్ని బోర్డులకు ఎన్‌ఈ555 వేసి అమ్ముతున్నారు. దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి, కాబట్టి 3.3 మీద అంకెలు నిలకడగా రావు. మట్టిలో దిగే బోర్డు అంచులకు పూత ఉండదు. అక్కడి నుంచి నీళ్లు లోపలికి ఇంకుతాయి. ఎపాక్సీ గానీ గోళ్ల రంగు గానీ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. సెన్సర్ వైరును ఈఎస్‌పీ32లో 32 నుంచి 39 వరకు ఉన్న అనలాగ్ పిన్నుల్లో ఒకదానికి కలపండి. మిగతా అనలాగ్ పిన్నులు రెండో ఏడీసీవి (వోల్టేజీని అంకెగా మార్చే భాగమే ఏడీసీ), వైఫై ఆన్ చేయగానే అవి చదవడం మానేస్తాయి. ఆ సంగతి తెలియక ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చునే విద్యార్థులు చాలామంది.

ఇంతవరకూ మీ శాఖ పని. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. సెన్సర్ ఇచ్చేది వోల్టేజీ. పొడి మట్టిలో ఎక్కువ, తడి మట్టిలో తక్కువ. ఆ అంకె మీ నేలలో ఎంత తేమకు సమానమో మీరే కట్టుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే సమీకరణం ఇంకెవరి నేలదో. మీ పల్నాటి నల్లరేగడికీ, ఎర్ర చల్కా నేలకూ ఒకే లెక్క కుదరదు.

పొలంలో 15, 20 సెంటీమీటర్ల లోతు నుంచి మట్టి తీసి, నీడన ఆరబెట్టి, నలగ్గొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. ఆరు మూత డబ్బాల్లో కిలో చొప్పున తీసుకుని వరసగా 0, 70, 140, 210, 280, 350 మిల్లీలీటర్ల నీళ్లు కలపండి. రేగడి బంకగా ముద్దకడుతుంది కాబట్టి నీళ్లు ఒక్కసారి పోయకుండా పొరపొరకీ స్ప్రేతో చల్లి, మూత పెట్టి ఒక రోజు వదిలేయండి. మర్నాడు ఆరింటినీ ఒకే గీత దాకా అదిమి నింపండి. అదుము తేడా వస్తే తేమ అంతే ఉన్నా రీడింగు మారిపోతుంది. సెన్సర్‌ను ప్రతి డబ్బాలోనూ ఒకే గుర్తు దాకా దించి, ఇరవై రీడింగుల సగటు రాసుకోండి.

వెంటనే అదే డబ్బాలోంచి 50 గ్రాముల మట్టి తీసి తూచి, ఓవెన్‌లో 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఉంచి మళ్లీ తూచండి. 50 గ్రాములు 40 అయితే పోయిన నీరు 10. దాన్ని 40తో భాగిస్తే తేమ 25 శాతం. నీళ్లు కలపని డబ్బాలో కూడా సున్నా రాదు, నీడన ఆరిన రేగడి కొంత తేమను పట్టుకునే ఉంటుంది. వంటింటి త్రాసు ఇక్కడ పనికిరాదు. 10 గ్రాముల నీటిలో ఒక గ్రాము తప్పితే పదో వంతు తప్పినట్టే. ఓవెన్, సున్నితమైన త్రాసు, సాంద్రత చూసే కోర్ కట్టర్, మూడూ మీ కాలేజీ సివిల్ విభాగం మట్టి పరీక్షల ల్యాబ్‌లోనే ఉంటాయి. ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడగండి. మీ శాఖ గుమ్మం దాటి బయటికి వెళ్లడం ఈ అడగడంతోనే మొదలవుతుంది.

ఇక పొలంలోకి వెళ్లాక ల్యాబ్‌లో కనిపించని చిక్కులు వస్తాయి. రేగడి ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. సెన్సర్ చుట్టూ గాలి సందు పడితే నేలలో తేమ ఉన్నా పరికరం పొడి అనే చెబుతుంది. మోటార్ ఆన్ చేయమంటుంది. ఆ నీళ్లలో చాలా భాగం నెర్రెల గుండా లోతుకు దిగిపోతుంది. ప్రోగ్రామ్‌ను ఎంత మార్చినా ఇది తీరదు. సెన్సర్‌ను ఎక్కడ, ఎంత లోతులో, ఏ అదనులో దించాలో నేల తెలిసినవాళ్లే చెప్పాలి. మీ జిల్లాకు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. గుంటూరు దగ్గర లాంలో ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా మీకు అందుబాటులోనే ఉంది. వెళ్లేటప్పుడు మీ ఆరు డబ్బాల గ్రాఫ్ చేతిలో ఉంచుకోండి. ఖాళీ చేతులతో ‘ప్రాజెక్టు చెప్పండి’ అని వెళ్లేవాళ్లకీ, కొలతలతో వెళ్లేవాళ్లకీ దొరికే సమయంలో చాలా తేడా ఉంటుంది.

బ్యాటరీ మరో చిక్కు. పని లేనప్పుడు నిద్రపుచ్చే డీప్ స్లీప్‌లో చిప్ తీసుకునేది మైక్రో ఆంపియర్లే అయినా డెవలప్‌మెంట్ బోర్డు మీది రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్, ఎర్ర లైటు కలిసి కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. సగటున 10 మిల్లీ ఆంపియర్లు పోతే 2,500 ఎంఏహెచ్ సెల్ పది రోజులకే అయిపోతుంది. పొలంలో వైఫై ఉండదు కాబట్టి తక్కువ కరెంటుతో దూరానికి అంకెలు పంపే లోరా రేడియో కావాలి. మాడ్యూల్ కొనేటప్పుడు మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌దేనా అని చూసుకోండి.

ఇప్పుడు మీ ఆసక్తి దగ్గరికి వద్దాం. ఆ మిల్లీ ఆంపియర్ల వేటలో రాత్రి భోజనం మరిచిపోతే మీది ఎంబెడెడ్, ఇన్‌స్ట్రుమెంటేషన్ దారి. అప్పుడు వేరే శాఖ మైనర్ కన్నా ఆనర్స్, అంటే సొంత శాఖలోనే అదనపు కోర్సులు మేలు. ఆరు చుక్కల మీద గీత సరిగ్గా కూర్చోబెట్టడం, వేసవి రీడింగులు ఎందుకు జారాయో అంకెల్లో వెతకడం బాగుందనిపిస్తే డేటా సైన్స్ మైనర్ తీసుకోండి. సీనియర్లు చెప్పారని కాకుండా మీకు కావాలని తీసుకున్నట్టవుతుంది. రేగడి ఎందుకు నెర్రెలిస్తుందన్న ప్రశ్నే మిమ్మల్ని వదలకపోతే నేల భౌతికశాస్త్రం, నీటి యాజమాన్యం వైపు చూడండి. ఇంకొకటి కూడా జరగవచ్చు. మీ నాన్నగారికి 27 శాతం అని చూపిస్తే ఏం చేయాలో తోచకపోవడం, పచ్చ లైటు, ఎర్ర లైటు పెట్టగానే పని నడవడం చూసి ఆ భాగమే మీకు నచ్చవచ్చు. అది డిజైన్. అందులో పీజీ చేయడానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ ప్రవేశ పరీక్ష ఉంది. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో రాయవచ్చు, వయసు పరిమితి లేదు.

మైనర్ నియమాలు కూడా తెలుసుకోండి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనాలో బీటెక్ 160 క్రెడిట్లు. మైనర్‌కు పైన మరో 18 నుంచి 20, అంటే మూడు క్రెడిట్ల కోర్సులు సుమారు ఆరు. బ్యాక్‌లాగ్ ఉంటే చాలాచోట్ల చేరనివ్వరు. కనీస సీజీపీఏ ఎంతో, ఏ సెమిస్టరులో నమోదో మీ రెగ్యులేషన్ పుస్తకంలోనే చూడండి, నోటిమాట నమ్మకండి. వ్యవసాయ సంబంధమైన మైనర్ మీ కాలేజీలో లేకపోతే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఎల్ ఉంది. నేలల మీద ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల పాఠాలు అందులో దొరుకుతాయి. చేరడం ఉచితం, పరీక్షకే రుసుము. 12 వారాల కోర్సులో ఉత్తమ ఎనిమిది అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. పరీక్ష బాగా రాసి, అసైన్‌మెంట్లు వదిలేసి సర్టిఫికెట్ పోగొట్టుకునేవాళ్లున్నారు. క్రెడిట్లుగా జమ కావాలంటే చేరకముందే విభాగాధిపతి అనుమతి రాతలో తీసుకోండి.

ఒక హెచ్చరిక. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) దారిలో వ్యవసాయ ఇంజనీరింగ్ పీజీకి మామూలుగా ఆ శాఖలో బీటెక్కే అడుగుతారు. ఐఐటీల్లో ఎంటెక్‌కు ఏ విభాగం ఏ గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) పేపరును ఒప్పుకుంటుందో ఆ ఏడాది బ్రోచర్‌లో మూడో సంవత్సరంలోనే చూసుకోండి. గేట్‌ను మూడో ఏడాదిలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

ప్రశ్న: సీఎస్‌ఈ మూడో ఏడాది. తెలుగు సాహిత్యం అంటే ప్రాణం. ఈ రెండూ కలిసే ఉద్యోగం ఉందా?
– వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంది. తెలుగులో టైపింగ్, వెతుకులాట, మాటను రాతగా మార్చడం, అనువాదం, వీటన్నిటి వెనకా భాష తెలిసిన ప్రోగ్రామర్లు కావాలి. ముందు మీకు సరిపడుతుందో లేదో చూసుకోండి. మీరే రాసిన ఒక పది పేజీలు తీసుకుని పైథాన్‌లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. ‘క్షి’ కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు కోడ్లు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట ఒకచోట కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌తో (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు), మరోచోట అది లేకుండా ఉంటే లెక్కలో రెండు మాటలైపోతాయి. ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు కోడ్ల తీరులను ఒకటి చేసే మామూలు యూనికోడ్ నార్మలైజేషన్ కూడా దాన్ని తీసేయదు. ఆపైన ‘వెళ్లలేకపోయినవాళ్లకి’ లాంటి పదాన్ని ముక్కలు చేయాలి. వ్యాకరణంలో చదివిన సంధి, ప్రత్యయాలు అక్కడ పనిముట్లవుతాయి. ఈ పని విసుగనిపించకపోతే ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ పరిశోధన, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం చూడండి. సాహిత్యం మీద ప్రేమ ఒక్కటే ఉండి పదాల లోపలి నిర్మాణం మీద లేకపోతే మాత్రం, దాన్ని ఉద్యోగంతో కలపకుండా సాయంత్రాలకే ఉంచుకోవడం మంచిది.

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. గేట్ రాసి నేరుగా ఎంటెక్ చేయొచ్చా? ఉపగ్రహ చిత్రాల మీద ఆసక్తి.
– కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: గేట్ రాయడానికి అర్హత ఉంది. కానీ పరీక్ష రాసే అర్హత వేరు, సీటు ఇచ్చే అర్హత వేరు. మూడేళ్ల బీఎస్సీతో ఎంటెక్ సీటు సాధారణంగా రాదు, బీటెక్ గానీ ఎమ్మెస్సీ గానీ అడుగుతారు. కాబట్టి ఎమ్మెస్సీ ఫిజిక్స్ లేదా జియోఇన్ఫర్మాటిక్స్ చేసి, గేట్‌లో జియోమాటిక్స్ పేపరు రాయండి. ఈలోగా డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ) ఆన్‌లైన్‌లో ఉచితంగా నడిపే రిమోట్ సెన్సింగ్ కోర్సులు చేయండి. మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు చూసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. యూరప్ ఉపగ్రహం సెంటినెల్ 2 చిత్రాలు కూడా ఉచితమే. మీ మండలం చిత్రాన్ని వానాకాలంలో ఒకటి, వేసవిలో ఒకటి తీసుకుని ఎరుపు, సమీప పరారుణ బ్యాండ్లతో పచ్చదనం సూచీ కట్టండి. మబ్బుల నీడ పడిన చోట సూచీ తప్పు చెబుతుంది. అలాంటి చోట్లను ముందే గుర్తించి తీసేయండి.